బీర్పూర్ పచ్చ

పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, కిటికీ గట్టు మీద గుప్పెడు నూకలు చల్లినంకనే ఫర్హీన్ కంప్యూటర్ ముట్టేది. ఆఫీసంటే పెద్దదేం గాదు. జగిత్యాల బస్టాండు వెనుక సందుల, ఇనుప సామాన్ల దుకాణం మీద రెండర్రలు. ఒకదాంట్ల కంప్యూటర్లు, ఇంకోదాంట్ల సిరిసిల్ల నుంచి వచ్చిన చీరలు, లుంగీలు, తువ్వాళ్లు, దుప్పట్లు. సతీశ్ హైదరాబాద్‌ల చదువుకొని వచ్చి ఈ బట్టలను నెట్టుల అమ్మే వెబ్‌సైట్ పెట్టిండు. దుబాయ్‌ల, మస్కట్‌ల పని చేసేటోళ్లు అక్కడ కూసోని ఏరుకుంటే, ఇక్కడ వాళ్ల ఇంటి గడప కాడికి బట్ట చేరుతది. ఫర్హీన్‌ది కోరుట్ల. డిగ్రీ అయిపోయినంక ఈ పనిల చేరింది.

నూకలు పిచ్చుకలకు. వెబ్‌సైట్‌ల ఎవరన్న ఏదన్న వెతికి, అది దొరకకపోతే, ఆ మాట పిచ్చుకై వచ్చి ఆ కిటికీ మీద వాలేది. దొరికిన మాటలకు పిచ్చుకలు రాకపోయేటియి. వచ్చిన పిచ్చుక కిచకిచ అనకుండ తన మాటనే అనుకుంట కూసునేది. ఒకటి "చీరె, చీరె" అంటే, పక్కది "చిర, చిర" అని దానితోని కొట్లాట పెట్టుకునేది. ఇంగ్లీషు అక్షరాలల్ల తప్పు కొట్టినోని పిచ్చుక అది. కింద ఇనుప దుకాణం నడిపే నర్సింగం, మెట్లెక్కుతున్న ఫర్హీన్‌ను చూసి, "ఏం బిడ్డా, నిన్న గిరాకి బాగనే తిరిగి పోయినట్టున్నది, పిట్టలు మస్తు మోపైనయి" అనేటోడు. సతీశ్‌కైతే ఒక్కటే రంది, కొత్త చీరల మీద రెట్టలేస్తున్నయని.

రెట్టల కన్న పెద్ద రంది ఇంకోటుండె. మనుషులు సైట్‌కు వస్తున్నరు, వెతుకుతున్నరు, ఏం కొనకుండ పోతున్నరు. సతీశ్ పట్నం సైట్లను చూసి రకరకాల ఫిల్టర్లు పెట్టిండు. నేత రకం ఒకటి, నూలు నంబరు ఒకటి, రంగులకు ఇంగ్లీషు పేర్లు. "రామచిలుక" అనే పిచ్చుక ఎంతకూ పోకపోతే, చిలుకల బొమ్మలున్న చీరలన్ని ఆ మాటకు కలిపిండు. పిచ్చుక వాటి దిక్కు సుత చూడలే.

"అన్నా, పిట్టలు మాటైతే జెప్తున్నయి. మాట ఎనుక ఏమున్నదో జెప్తలేవు. పోయి మనుషులను అడిగొస్త" అన్నది ఫర్హీన్.

"అడుగుడేంది? వాళ్లకేం కావాల్నో నాకెర్కలేదా?"

"నీకెర్కుంటే గిన్ని పిట్టలెందుకున్నయి అన్నా?"

గంతలనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలకెల్లి బయటికి రాలే, బడులు మూతపడ్డయి, ఆఫీసుల్ల కుర్చీలు ఖాళీ. బొగ్గు బాయిలు బందై కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వకుంటైంది. కొరియర్లు నడుస్తలేవు. సతీశ్ సుత జై తెలంగాణ అనేటోడే, ఊరేగింపులల్ల ముందట నడిచేటోడే. అయినా ఒకనాడు ఖాళీ అర్రను చూసుకుంట, "ఇగ సమ్మె అయ్యేదాంక మూసేద్దాం ఫర్హీన్. అయినంక తెరుస్తనో లేదో సుత జెప్పలేను" అన్నడు.

"మూస్తెనేమి అన్నా, నీ లాప్‌టాప్ నాకియ్యి. ఊరంతా ఖాళీగ కూసున్నది. అడగనీకె గింత మంచి సమయం మల్ల దొరకది."

ఫర్హీన్ తండ్రి అబ్దుల్ రహీం కోరుట్ల, జగిత్యాల నడుమ షేరింగ్ ఆటో నడుపుతడు. బిడ్డ చేయబోయే పని ఏందో విని నవ్విండు.

"వాళ్లు ఎతుకుతుంటే నువ్వు పక్కన కూసోని నోరు మూసుకొని సూస్తవా? ఇంట్ల ఒక్క గడియ సప్పుడు జేయక ఉండవు గద బేటీ!"

"గదే కష్టం అబ్బా" అన్నది ఫర్హీన్.

నిజంగనే కష్టమైంది. కోరుట్ల తహసీల్ ఆఫీసు ముందట సమ్మె డేరా వేసిండ్రు. అక్కడ బాలమ్మ అనే పంతులమ్మ ముందట లాప్‌టాప్ పెట్టి, "మేడం, మీ బిడ్డకు బతుకమ్మకు ఒక చీర గీండ్ల ఎతుకుండ్రి. నేనేం జెప్ప" అన్నది. బాలమ్మ కండ్లద్దాలు సవరించుకొని రంగుల పేర్లు పైనుంచి కిందికి చదివింది.

"గీ ఫూషియా ఎవరమ్మా? మీ ఓనరా?"

డేరా అంతా నవ్వింది. బాలమ్మ ఆ ఫిల్టర్లన్ని దాటుకొని పోయి, వెతికే డబ్బాల ఒక్కొక్క అక్షరం ఏరుకుంట "రామచిలుక" అని కొట్టింది. చిలుకల బొమ్మల చీరలొచ్చినయి. "నాకు రంగు గావాలె గానీ పిట్టలేం జేసుకోను" అని లాప్‌టాప్ పక్కకు జరిపింది. "మేడం, గా పచ్చలు ఇంకో దగ్గరున్నయి" అని చెప్పేతందుకు ఫర్హీన్ నోటి దాంక వచ్చింది. పైట కొంగు పండ్ల నడుమ పెట్టుకొని ఆగింది.

దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినాయన ఒకడు వెతికే డబ్బాల "అమ్మ" అని కొట్టి ఊకున్నడు. "అన్నా, ఏం చీర?" అని అడిగితే, "అమ్మ కట్టేది ఏం చీరనో నాకేం ఎర్క చెల్లె? అమ్మసొంటోళ్లు కట్టేటియి సూపియ్యాలె గద మీరే" అన్నడు. డేరాల వంట చేసే ఆమె అయితే రంగు, నేత ఏదీ అడగలే. "ఉతికితే రంగు వోతదా? గది రాసి లేదేంది?" అన్నది.

ఒకనాడు సతీశ్ సుత ఆటోల ఫర్హీన్ వెంట వచ్చిండు. ముసలాయనొకడు మనుమరాలికి చీర వెతికి వెతికి, "నాకు శాతగాదు బిడ్డా, చదువుకున్నోళ్లకు గీ దుకాణం" అని లేసి పోయిండు. తిరిగొచ్చి ఆఫీసు తాళం తీయంగనే సతీశ్ నూలు నంబరు ఫిల్టర్ తీసేసిండు.

ఇగ కరెంటున్నప్పుడల్ల ఇద్దరూ కూసోని ఒక్కొక్కటే మార్చిండ్రు. మొదలు అడిగేది "ఎవరికి?" అని. అమ్మకా, బిడ్డకా, వదినెకా, మరదలికా. రెండోది, పండుగకా, పెండ్లికా, ఇంట్ల కట్టనీకా. ఉతికితే రంగు నిలుస్తదా లేదా అన్నది మూడోది. రంగులకు ఉల్లిపొర, వంకాయ, మామిడి చిగురు, రామచిలుక అని పేర్లు పెట్టిండ్రు. చీరెకు, చిరకు, చీరకు ఒక్కటే దారి చేసిండ్రు. మాట దాని బట్టను చేరంగనే, ఆ పిచ్చుక రెక్కలు దులుపుకొని, డిపో గోడ మీదికెల్లి ఎటో ఎగిరిపోయేది. సమ్మెలనే నాలుగు ఆర్డర్లు రావట్టె. కొరియర్లు లేకపాయె, రహీం ఆటోలనే కట్టలు ఊర్లకు పోయేటియి.

ఒక్క పిచ్చుక మాత్రం పోలే. దాని మాట "బీర్పూర్ పచ్చ".

సతీశ్ సైట్‌ల చూస్తే, ఆ మాట మస్కట్ దిక్కెల్లి, ప్రతి శుక్రవారం వస్తున్నది. గోదాముల ఉన్న పచ్చలన్ని ఆ మాటకు కలిపి చూసిండు. పిచ్చుక మెడ వంచి ఒక్కొక్క చీరనే చూసి, "బీర్పూర్ పచ్చ" అన్నది మళ్ల. ఫర్హీన్ సిరిసిల్ల పోయి, వాళ్లకు చీరలు నేసిచ్చే విఠల్‌ను అడిగింది. ఆయన మరమగ్గాల షెడ్డుల కరెంటు కోసం ఎదురుచూసుకుంట కూసున్నడు.

"చిన్నప్పటి సంది సాంచల నడుమనే ఉన్న తల్లీ. గా పచ్చ పేరు ఎన్నడినలే. ఊరి పేరున్నది గద, ఊర్లెనే అడుగు."

తెల్లారి రహీం ఆటో బీర్పూర్ బాట పట్టింది. పిచ్చుక ఆటో అద్దం మీద కూసోని వచ్చింది. నడుమ చౌరస్తల సమ్మె చేసేటోళ్ల వంటావార్పు నడుస్తున్నది. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, పప్పు వండి, దారి పోయేటోళ్లందరికి పెడుతున్నరు. తినంది ఆటో కదలనియ్యమన్నరు. తండ్రీ బిడ్డలు విస్తరాకుల ముందట కూసున్నరు, పిచ్చుకకు సుత నాలుగు మెతుకులేసిండ్రు.

బీర్పూర్‌ల ఆడోళ్లు ఒక అరుగు మీద బతుకమ్మ పేరుస్తున్నరు. తంగేడు పువ్వు, గునుగు పువ్వు గుట్టలుగున్నయి. ఫర్హీన్ అడిగిన మాట విని అందరూ నవ్విండ్రు. "మా ఊరి పేరు మీద రంగున్నదా? మాకే ఎర్కలేకపాయె!" అన్నరు. వాళ్లకు జరంత ఎడంగ కూసోని గునుగు పువ్వు తుంచుతున్న ఒకామె నవ్వలే. చేతిల పువ్వు చేతిలనే ఉన్నది. పిచ్చుక ఆటో అద్దం మీదికెల్లి లేసి పోయి ఆమె భుజం మీద వాలింది. వాలి, ఊకున్నది.

"గా మాట నీకెవరు జెప్పిండ్రు బిడ్డా?" అన్నదామె. ఆమె పేరు అంజవ్వ.

ఆ మాట ఆమె పెనిమిటి భూమయ్యది. వరి పొట్టకు రాకముందు, పొద్దుగూకే యాళ్ల, వాళ్ల మడి మీద ఒక పచ్చ కనబడతది. లేతది గాదు, ముదురుది గాదు. "గిసొంటి పచ్చ ఇంకే ఊర్లె లేదే. గీ రంగు చీర దొరికిననాడు నీకు తెస్త" అనేటోడు. మస్కట్ పోయిండు. మొదట్ల ఫోన్లు చేసిండు. తర్వాత కంపెనీ మూతపడ్డదన్నరు, ఆయన యాడికి పోయిండో తెల్వదన్నరు. ఏండ్లు గడిచినయి. మరిది సత్తయ్య చెడ్డోడు గాదు. "వదినె, గిట్ల బతికిండా, సచ్చిండా తెల్వక ఎన్నొద్దులు? దసరా ఎళ్లినంక అన్నకు కర్మ జేద్దాం. ఆయన పేరు మీద దీపమన్న పెడదాం" అన్నడు. పెద్దమనుషులు సరే అన్నరు. కర్మ అంటే అంజవ్వ గాజులు తీసుడు.

"గందుకే నేను జర దూరం కూసున్న" అన్నది అంజవ్వ, పువ్వుల దిక్కు చూసుకుంట.

ఫర్హీన్ ఆమె పక్కన కూలబడ్డది. "అక్కా, పోయిన శుక్రవారం సుత ఎతికిండు. అంతకుముందు శుక్రవారం సుత. మాకు ప్రతి వారం వస్తున్నది గీ మాట."

అంజవ్వ ఏడవలే. పిచ్చుకను భుజం మీదికెల్లి రెండు చేతులల్లకు తీసుకొని, దాని కడుపు వేలితోని తడిమింది. "బక్కగున్నది" అన్నది. కొంగుల మూట విప్పి నాలుగు గింజలు పెట్టింది. ఆ తర్వాత లేసి పొలం దిక్కు నడిచింది. పొద్దుగూకే దాంక ఒడ్డు మీద నిలబడి, ఏ మొక్కల్నో ఏరి, గుప్పెడు వరి ఆకు తెంపి తడిబట్టల చుట్టి ఫర్హీన్ చేతిల పెట్టింది.

ఆకు వాడకముందే రహీం సిరిసిల్ల చేర్చిండు. రంగులద్దేటోళ్ల కాడ విఠల్ తానే కూసున్నడు. నూలు ముంచి తీసుడు, ఆకు పక్కన పెట్టి చూసుడు, తల అడ్డం ఊపుడు, మళ్ల ముంచుడు. ఆఖరికి తల నిలువుగ ఊపిండు. కరెంటు వచ్చినప్పుడల్ల మిగిలిన సాంచలు బందు పెట్టి, ఆ నూలెక్కిన ఒక్కదాన్నే ఆడిచ్చిండు. చీర తయారై బీర్పూర్ చేరింది. అంజవ్వ కట్టుకొని పొలం ఒడ్డు మీద నిలబడితే సతీశ్ ఫోటో తీసిండు. చీర ఏడ అయిపోయిందో, పొలం ఏడ మొదలైందో జర నిదానంగ చూస్తే గానీ తెలుస్తలేదు.

"బీర్పూర్ పచ్చ అని కొడితే నీ ఫోటో ఒక్కటే వస్తదక్కా. కింద ధర ఎంత రాయాలె?" అని అడిగిండు సతీశ్.

"అమ్మెడిది గాదని రాయి" అన్నది అంజవ్వ. "కింద సత్తయ్య ఫోన్ నంబర్ ఏయి."

శుక్రవారం వచ్చింది. జగిత్యాలల కరెంటు లేదు. కంప్యూటర్లు నల్లగున్నయి. మస్కట్‌ల ఎవరు చూస్తున్నరో, ఎవరు చూస్తలేరో తెలుసుకునే దారి లేదు. సతీశ్, ఫర్హీన్ కుర్చీలు తెచ్చుకొని కిటికీ ముందట కూసున్నరు. బీర్పూర్ నుంచి తిరిగొచ్చిన పిచ్చుక, ఫోటో సైట్‌ల ఎక్కినా పోకుండ, గట్టు మీద ఎప్పటి లెక్కనే "బీర్పూర్ పచ్చ, బీర్పూర్ పచ్చ" అంటున్నది. జుమ్మా నమాజు విడిచినంక, కింద సందుల నుంచి మనుషులు పోతున్న సప్పుడు వినబడ్డది. కొంతసేపటికి పిచ్చుక "బీర్పూ" అని, సగంల ఆగింది. మెడ తిప్పి ఏదో విన్నట్టు చేసింది. రెక్కలు దులుపుకొని లేసి పోయింది.

ఫర్హీన్ సత్తయ్య నంబర్‌కు ఫోన్ కలిపింది. ఎంగేజ్. జరసేపాగి మళ్ల కలిపింది. ఎంగేజ్.

"ఇంకోసారి జెయ్యి" అన్నడు సతీశ్.

"వద్దన్నా" అన్నది ఫర్హీన్, ఫోన్ పక్కన పెట్టి. "మాట్లాడుకోనీ."

కంపెనీ మూసుకపోయినంక పాస్‌పోర్టు చేతికి రాక, దొంగచాటుగ కూలి పని చేసుకుంట తిరుగుతున్నడట భూమయ్య. ఒట్టి చేతులతోని ఏ మొహం పెట్టుకొని ఫోన్ చేద్దునని, ముందు చీర దొరకనీ, అప్పుడు చేస్త అనుకున్నడట. శుక్రవారం పని లేనినాడు తోటోళ్లతోని నెట్ సెంటర్‌కు పోయి ఆ రెండు మాటలు కొట్టేటోడు. సత్తయ్య ఫోన్‌ల అన్న గొంతు విన్ననాడే పెద్దమనుషుల కాడికి పోయి, "కర్మ లేదు, ఏం లేదు, అన్న ఉన్నడు" అని చెప్పి ఇంటికొచ్చి పిల్లగాని లెక్క ఏడ్చిండు.

సమ్మె ఆగింది, బస్సులు తిరగవట్టె. రాష్ట్రం ఇంకా రాలే గానీ, వస్తదన్న మాట మాత్రం ఎవరి నోట్లెకెల్లి పోలే. ఔట్‌పాస్ అనే, పాస్‌పోర్టు లేనోళ్లను ఇంటికి పంపే కాయితం దొరికినంక భూమయ్య చలికాలంల బీర్పూర్‌ల బస్సు దిగిండు. చేతిల ఒక్క సంచి. రహీం, ఫర్హీన్ సుత ఆ దినం అక్కడనే ఉన్నరు. అంజవ్వ ఆ చీరనే కట్టుకొని వచ్చింది. భూమయ్య ఆమె కొంగు చేతిలకు తీసుకొని ఎండకు పట్టి చూసిండు. ఆయన అన్న మొదటి మాట ఇది:

"గిది గాదే పచ్చ. ఇంకింత లేతగుండాలె."

రహీం పక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. అంజవ్వ నవ్వలే. ఆయన చేతిల సంచి గుంజుకొని తన సంకకు తగిలించుకున్నది.

"ఇప్పుడు మడి కోసినం. మల్ల వానలు వడాలె, నాటెయ్యాలె, పొట్టకు రావాలె. అప్పుడు నా పక్కన నిలవడి సూపియ్యి ఏది పచ్చనో. అందాంక యాడికీ వోకు" అని ఇంటి దిక్కు నడిచింది.

భూమయ్య ఆమె వెంట నడిచిండు.