హాలిస్ ఎర పట్టుకుపోయిన చేప

"మరైతే నేను బిగించిన ప్లగ్గుని వాడెలా మర్చిపోతాడు? నువ్వే చెప్పు ఓపలత్తా," అన్నాడు వెర్లన్.

"పొద్దున్నే మొదలెట్టావా," అంది ఓపల్. "గ్రేవీ చల్లారిపోతోంది, ముందు తిను."

ఓపల్‌ది హాకెట్ చెరువు ఒడ్డున ఎరల కొట్టు. ఓ పక్క వానపాముల డబ్బాలు, ఓ పక్క గ్రేవీలో ముంచుకు తినే వేడి బిస్కెట్ రొట్టెలు. శనివారం వస్తే గాలాల క్లబ్బు వాళ్ళంతా అక్కడే తిని, అక్కణ్ణుంచే పడవలు దింపుతారు. సాయంత్రం చేపల్ని తూచేది కూడా ఓపలే.

వెర్లన్‌కి వారమంతా టైర్ల పని, శనివారం బాస్ చేపల వేట. వేట గురించి అతనికి గట్టి అభిప్రాయాలున్నాయి. బతికున్న ఎర వేసేవాడు బద్ధకస్తుడు. పడవలో తెర పెట్టుకుని నీళ్ళ కింద చేపల బొమ్మలు చూసేవాడు ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవచ్చు. మబ్బు పడితే నల్ల రబ్బరు పురుగు వెయ్యాలి, ఎండ కాస్తే ఆకుపచ్చది. ఇక ఎక్కడ పట్టావని అడగ్గానే చెప్పేసేవాణ్ణి అసలు నమ్మకూడదు. నిజమే అయితే ఎందుకు చెప్తాడు?

ఈ ఆఖరిది మొదట్లో చేపల వరకే ఉండేది. నిరుడు వాళ్ళ నాన్న హాలిస్ పోయిన దగ్గర్నుంచీ అన్నిటికీ పాకింది. పెళ్ళాం ఆర్లీన్ ఫోన్లో గొంతు తగ్గిస్తే అనుమానం. రాయిస్ బండి రోడ్డు మీద పోతుంటే కుక్క తోకూపిందని కుక్క మీద కూడా అనుమానమే.

రాయిస్ ఆర్లీన్ తమ్ముడు. హాలిస్ పోయినరోజు ఆయనతో పడవలో ఉన్నది అతనొక్కడే.

పడవ వెనకాల అడుగున చిన్న కన్నం ఉంటది. ఒడ్డుకి లాగాక లోపలి నీళ్ళు కారిపోవాలని దాని ప్లగ్గు తీస్తారు, మళ్ళీ దింపే ముందు బిగిస్తారు. అది మర్చిపోనివాడు మా చెరువు చుట్టుపక్కల ఎవడూ లేడు. మర్చిపోయానని ఒప్పుకున్నవాడూ లేడు, ఒక్క రాయిస్ తప్ప. ఆరోజు పడవలోకి నీళ్ళొచ్చాయి. తోడుతూ తోడుతూ హాలిస్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. రాయిస్ ఒడ్డుకి తెచ్చేసరికి ప్రాణం లేదు. "ప్లగ్గు నేనే మర్చిపోయాను," అన్నాడు రాయిస్. ప్లగ్గు గురించి అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

కానీ వాళ్ళింట్లో తీసినవాడే బిగించాలని లెక్క. ముందురోజు ఆ పడవ కడిగింది వెర్లన్. ప్లగ్గు తీసిందీ తనే, బిగించిందీ తనే. తన చేత్తో బిగించినట్టు కళ్ళకి కట్టినట్టు గుర్తుందంటాడు. అలాంటప్పుడు రాయిస్ మర్చిపోవడమేంటి? కావాలనే తీసుండాలి. పైగా వెర్లన్ పడవలో వదిలేసిన కాఫీ కప్పు కూడా మాయమైంది, ఆర్లీన్ అతని పేరు రాయించి కొనిచ్చింది.

"నాన్నని పొట్టన పెట్టుకున్నాడు, కప్పు నొక్కేశాడు," అనేవాడు ఎవరు దొరికినా.

"కప్పు కోసం చంపాడంటావా?" అనేది ఓపల్.

"ఏమో. మంచి కప్పది."

నవ్వులాటగా మొదలైనా ఆ మాట ఊరంతా తిరిగింది. రాయిస్ పడవ ఎక్కడానికి జనం వెనకాడారు. అతను పలకరిస్తే వానొచ్చేలా ఉందని చెప్పి తప్పుకునేవాళ్ళు. ఆఖరికి రాయిస్ ఆర్కన్సాలో వాళ్ళ మావయ్య దగ్గరికి వెళ్ళిపోదామనుకున్నాడు. ఈ శనివారం తూకాలయ్యాక బయల్దేరతాడు. వెర్లన్‌కి అదీ చాల్లేదు. వెళ్ళేలోపు క్లబ్బు అందరి ముందూ చేతులెత్తి అతన్ని వెలెయ్యాలి, ఇంకెప్పుడూ ఈ నీళ్ళలో గాలం వెయ్యకూడదు. సాక్ష్యం ఉంటేనే చేతులెత్తమంటానని ఓపల్ కచ్చితంగా చెప్పేసింది.

సాక్ష్యమంటే చేపే.

మా చెరువులో బాస్‌లు పైన మనిషన్న మాట ఒకటి పట్టుకుని నోట్లో ఉంచుకుంటాయి. కింది దవడ బొటనవేలితో పట్టి ఎత్తితే అదే గొంతుతో, అన్నది అన్నట్టు చెప్పేస్తాయి. ఒక్కసారే. ఆ తర్వాత నోరు ఖాళీ, ఇంకో మాట పట్టుకుంటాయి. అందుకే చెరువు మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు. దారం తెగినప్పుడు పాస్టరుగారన్న మాటొకటి ఓ ముసలమ్మ పట్టిన చేప నోట్లోంచి వచ్చింది. ఆవిడ చేపని వదిలేసింది గానీ ఆ ఆదివారం ముందు వరసలో కూర్చుని ఆయన్నే చూస్తా ఉంది. తూకానికి తెచ్చేవాళ్ళు చేపల్ని పడవలోనే ఓసారి ఎత్తి, ఖాళీ చేసి మరీ తెస్తారు. ఇంటి గుట్లు తక్కెడ దగ్గర బయటపడితే బాగోదు కదా.

"మెల్లగా మాట్లాడు, కింద చేపలు వింటాయి," అనేవాడు హాలిస్, వెర్లన్ చిన్నప్పుడు పడవలో అల్లరి చేస్తే.

ఏడాదిగా వెర్లన్ బరువు కోసం పట్టట్లేదు. నాన్న పోయిన వంపులోనే గాలం వేసి, వచ్చిన ప్రతి చేపనీ ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుంటన్నాడు. ఎవడో పెళ్ళానికి ఫోన్లో చెప్పిన అబద్ధం వచ్చింది. ఎవరో పాప ఉచ్చొస్తోందంది. తన గొంతే ఒకసారి వచ్చింది, "దొంగ రాయిస్‌గాడు" అని. అతనికి కావల్సింది వేరే చేప. ఆరోజు హాలిస్ దారం తెంపుకుని, ఆయన ఎరగా చేత్తో చెక్కిన చెక్క కప్పని పట్టుకుపోయిందొకటి. ఆరోజు పడవలో అన్న మాట దాని నోట్లోనే ఉండాలి. అంతవరకూ రాయిసే చెప్పాడు. ఆ కప్పకి ఎడమ కన్ను పెద్దది.

ఆ శనివారం ఎండ పైకొచ్చాక, పడిపోయిన చెట్టు పక్కన గాలం బరువెక్కింది. రాయి పట్టిందనుకున్నాడు. రాయి కదిలింది. అటు లాగి, ఇటు లాగి, పడవ కిందికి దూరి, చివరికి పైకి తేలిందది. దవడలో చెక్క కప్ప. రంగంతా పోయి, పెద్ద కన్ను మాత్రం మిగిలుంది.

వెర్లన్ పడవ అంచు మీదికి వంగాడు. బొటనవేలు దాని నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. ఒక్కడే వింటే ఎవరు నమ్ముతారు? కట్టు కథంటారు. దవడ ముట్టుకోకుండా వలతోనే ఎత్తి, పడవలోని నీళ్ళ తొట్టిలో వేసి మూతేశాడు. దారంతా ఆ మూత మీదే కూర్చున్నాడు.

రేవు దగ్గర రాయిస్ తన పడవని ట్రెయిలర్‌కెక్కించి, బండికి తగిలించుకుంటన్నాడు. వెర్లన్ తొట్టి మూత తీసి, చేపని తడి సంచిలోకి మార్చి దింపుతుంటే తొంగి చూశాడు. ముఖం పాలిపోయింది.

"బావా, అది ఖాళీ చేశావా?"

"లేదు. నీకోసమే దాచా."

"ఇక్కడ ఎత్తకు బావా. ఇంటికి తీసుకుపో. నువ్వొక్కడివే విను."

"ఏం, చెమటలు పడుతున్నాయా?"

"అవును, పడుతున్నాయి," అన్నాడు రాయిస్. "నీ కాళ్ళు పట్టుకుంటా. నేనెలాగూ పోతున్నాగా, ఇంకేం కావాలి నీకు?"

"తప్పు చేసినోడే కాళ్ళు పట్టుకుంటాడు."

ఆర్లీన్ పరిగెత్తుకొచ్చింది. "ఏవండీ, వాడంత అడుగుతున్నాడు కదా, ఇంట్లోనే విందాం."

"నువ్వు కూడా వాడి పార్టీయేనా?"

ఆర్లీన్ తమ్ముడి వైపు చూసింది. రాయిస్ తల అడ్డంగా ఊపాడు, వద్దక్కా అన్నట్టు.

తక్కెడ చుట్టూ అందరూ చేరారు. పాస్టరుగారు కూడా వచ్చారు, కాస్త వెనకే నిలబడ్డారు. ఓపల్ కళ్ళజోడు పెట్టుకుని సంచిలోకి చూసింది. "హాలిస్ చెక్కిన కప్పే ఇది," అంది. "ఎత్తేది ఎత్తు. తర్వాత చేతులెత్తే సంగతి."

రాయిస్ వెళ్ళి బండిలో కూర్చుని స్టార్ట్ చేశాడు గానీ కదల్లేదు.

వెర్లన్ బొటనవేలు పెట్టి, దవడ పట్టి, అందరికీ వినపడేలా చేపని తల కంటే పైకెత్తాడు. నోరు పెద్దగా తెరుచుకుంది. గొంతు వినగానే మగాళ్ళంతా టోపీలు తీశారు. హాలిస్ గొంతే, కాస్త రొప్పుతోంది.

అది చెప్పడం అయ్యాక కూడా వెర్లన్ చెయ్యి దించలేదు. ఓపలే మెల్లగా చేపని తీసుకుని, దవడలోంచి కప్పని విప్పి, నీళ్ళలో వదిలింది. చేతులెత్తమని ఎవర్నీ అడగలేదు. వెర్లన్ నడుచుకుంటూ వెళ్ళి, రాయిస్ బండికున్న ట్రెయిలర్ కొక్కెం విప్పడానికి చూశాడు. అది రాలేదు. రాయిస్ బండి ఆపి, దిగొచ్చి విప్పాడు. సీటు కిందనుంచి కాఫీ కప్పు తీసి, తన చొక్కాతో తుడిచి, బావ చేతికిచ్చాడు. అందులో ప్లగ్గుంది.

తర్వాత వెర్లన్ చాన్నాళ్ళు పడవ ఎక్కనని మంచం దిగలేదు. రాయిస్ శనివారం శనివారం వాకిట్లో ట్రెయిలర్ ఆపి హారన్ కొట్టేవాడు. ఒక శనివారం వెర్లన్ బయటికొచ్చాడు. "బావా, నువ్వే బిగించు," అన్నాడు రాయిస్. వెర్లన్ బిగించాడు, ఆర్లీన్ వంగి చూసింది, రాయిస్ మళ్ళీ చూశాడు. ఆర్కన్సా ఊసు ఇంక ఎవరూ ఎత్తలేదు.

తక్కెడ దగ్గర చేప చెప్పింది మాత్రం ఇదీ, హాలిస్ అన్నది అన్నట్టే:

"ఒరే రాయిస్, ఇదిగో ప్లగ్గు, బిగించు. నీళ్ళు తోడదామని మావాడి కప్పు తీస్తే ఇందులో ఉంది. కడిగి, కప్పులో పడేసి మర్చిపోయాడు సన్నాసి. నాకేమన్నా అయితే నువ్వే మర్చిపోయానని చెప్పు. నిన్ను నాలుగు మాటలంటారు, నువ్వు నవ్వేస్తావు. వాడు మోయలేడురా, మళ్ళీ జన్మలో పడవెక్కడు. ఏడవకు, ఒడ్డు దగ్గర్లోనే ఉంది. మెల్లగా మాట్లాడు, కింద చేపలు వింటాయి."