మోరీకి గెట్లు

మా గల్లీ వాళ్లకు ఒక జబ్బుంది. ఎవరి పని వాళ్లు ముచ్చటగా చేసుకుంటారు. పక్కవాళ్ల గడప వైపు మాత్రం కన్నెత్తి చూడరు, చూసినా తిట్టడానికే చూస్తారు. నేనూ ఆ గల్లీ దాన్నే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. కరీంనగర్ చివర, గ్రానైట్ కోసే షెడ్లు దాటాక, గుట్ట వాలు మీంచి వాగు దాకా దిగే గల్లీ మాది. నా పేరు వనజ. కిటికీ పక్కన మిషన్ వేసుకొని జాకెట్లు కుడతాను. అందుకని ఎవరింట్లో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది.

ఊళ్లలో పొలాలు అమ్ముకొనో, కౌలు వదిలేసో వచ్చి ఇళ్లు వేసుకున్నవాళ్లమే అందరం. గల్లీ ఇంకా కాగితాల మీదికి ఎక్కలేదు కనుక దానికి మురుగునీళ్లు పోయే మోరీ లేదు. వాడిన నీళ్లు, వాన నీళ్లు అన్నీ దారి మధ్యలోంచే పారేవి. పై ఇంట్లో బియ్యం కడిగితే కింది ఇళ్లన్నిటికీ తెలిసేది. చిట్టచివరి ఇల్లు లస్మవ్వది. గట్టి వాన పడితే గల్లీ నీళ్లన్నీ ఆమె గడప దాటి లోపలికి పోయి, వెనక తలుపులోంచి వాగులోకి దిగేవి. లస్మవ్వ ఆ వెనక తలుపు నీళ్ల కోసమే పెట్టించిందని మేం ఎగతాళి చేసేవాళ్లం, ఆమె కూడా నవ్వేది.

ఈ ఏడు ఆమెకు నవ్వే ఓపిక లేదు. కొడుకు మల్లేష్ మస్కట్‌లో ఉన్నాడు. కోడలు నవ్యశ్రీ హుజూరాబాద్‌లో తల్లిగారింట్లో మగపిల్లవాణ్ని కన్నది. ఐదో నెలలో వాణ్ని ఎత్తుకొని అత్తగారింటికి రావాలి. ఆ ఐదో నెల సరిగ్గా వానాకాలంలో వచ్చి పడింది. నవ్యశ్రీ తల్లి దేవకి ఫోన్ చేసి మర్యాదగానే చెప్పిందట, నీళ్లు జొరబడే ఇంట్లోకి పసివాణ్ని పంపేది లేదని, అల్లుడు వచ్చి వేరే ఇల్లు చూసేదాకా తన దగ్గరే ఉంచుకుంటానని. అల్లుడు ఎప్పుడొస్తాడో అల్లుడికే తెలియదు.

"గప్పటికి పిలగాడు ఉరుకుతుంటడు. గీ ముసల్ది ఎవలు అంటడు నన్ను సూసి" అని లస్మవ్వ నా మిషన్ పక్కన కూర్చొని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను అంతకుముందు చూడలేదు. భర్త పోయిన రోజు కూడా వచ్చినవాళ్లకు చాయ్ పోస్తూనే ఉంది. నాకు కుట్టు ముందుకు సాగలేదు.

మరునాడు ఆమె ఇల్లిల్లూ తిరిగి అందరినీ హనుమండ్లు అరుగు దగ్గరికి పోగేసింది. హనుమండ్లుది గల్లీలో అన్నిటికన్నా పై ఇల్లు, ఆయన గల్లీకి ప్రెసిడెంట్. ఎవరూ ఎన్నుకోలేదు. దుబాయ్‌లో వాచ్‌మన్‌గా చేసి వస్తూ వస్తూ ఒక విజిల్ తెచ్చుకున్నాడు. గల్లీలో విజిల్ ఉన్నది ఆయన ఒక్కడి దగ్గరే కాబట్టి ప్రెసిడెంట్ అయ్యాడు. లస్మవ్వ అందరి ముందు నిలబడి ఎక్కువ మాట్లాడలేదు.

"ఎవలో వచ్చి మోరీ తవ్వుతరని సూసుకుంట కూసుంటే నా మనుమడు రాడు. మన చేతులకు ఏమైంది? మనమే తవ్వుకుందాం."

ఆ మాటకు అందరికీ రోషం వచ్చింది. మట్టి పని చేసిన చేతులే అన్నీ. హనుమండ్లు విజిల్ ఊది, ఎవరి వాకిలి ముందర వాళ్లు తవ్వుకోవాలని తీర్మానం చెప్పాడు. అంతకన్నా న్యాయం ఏముంటుంది? మా దగ్గర ఎవరి వాకిలి వాళ్లే ఊడ్చుకుంటారు, ఎవరి పేడనీళ్ల సాన్పి వాళ్లే చల్లుకుంటారు. పక్కింటి వాకిట్లో చీపురు పెడితే వాళ్ల లచ్చిమిని ఊడ్చుకుపోవడానికి వచ్చామంటారు. అందరూ తలలూపారు. నేనైతే చప్పట్లు కూడా కొట్టాను.

ఆ ఆదివారం గల్లీకి పెళ్లి కళ వచ్చింది. ఎవరి గడ్డపార వాళ్లది, ఎవరి తట్ట వాళ్లది. మా ఆయన షెడ్డులో పారేసిన గ్రానైట్ ముక్కలు మోసుకొచ్చి మా మోరీ అంచుకు పరిచాడు. అవి మెరుస్తున్నాయా లేదా అని నేను చెంబుతో నీళ్లు చల్లి చూసుకున్నాను. హనుమండ్లు తనది తాడు పట్టి కొలిచి మరీ తవ్వి, ఇది దుబాయ్ మోడల్ అన్నాడు. మా కింది ఇల్లు అనసూర్యది. ఆమెకూ నాకూ మునగచెట్టు కొమ్మ దగ్గర చెడి చాలా కాలమైంది. ఆమె తన మోరీ లోపలంతా పేడతో అలికి, అంచు పొడుగునా ముగ్గు పెట్టింది. మోరీకి ముగ్గేసిన మనిషిని నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

అనసూర్య తర్వాత ఇక లస్మవ్వే. ఆమె తన వాకిలి ముందర తవ్వి, అక్కడి నుంచి వాగు దాకా కూడా ఒక్కతే తవ్వింది. వాగు ఎవరి వాకిలీ కాదు గనుక ఇంకెవరూ అటు పోలేదు. మేం అరుగుల మీద కూర్చొని ఆమె ఓపికను మెచ్చుకున్నాం. మెచ్చుకుంటూ కూర్చోవడం మాకు బాగా వచ్చు.

వాన వచ్చింది. నీళ్లు పోయే వైభోగం చూద్దామని అందరం గడపల్లో నిలబడ్డాం. నీళ్లు పోలేదు. ఎవరి మోరీలో వాళ్ల నీళ్లు నిండాయి. నిండి పొంగి, ఎప్పటిలాగే దారి మధ్యలోకి వచ్చి, ఎప్పటిలాగే లస్మవ్వ ఇంట్లోకి పోయాయి. వాన వెలిశాక చూస్తే గల్లీలో మోరీ అనేదే లేదు, ఇంటికొక కుంట ఉంది. ఒక కుంటకూ ఇంకో కుంటకూ నడుమ జానెడు మట్టి ఎవరూ ముట్టకుండా నిటారుగా నిలబడి ఉంది.

పొలం చేసినవాళ్లకు దాని పేరు చెప్పాల్సిన పని లేదు. అది గెట్టు. నా మడికీ నీ మడికీ నడుమ ఉండే కట్ట. దాన్ని పారతో కాస్త గోకినా ఊళ్లో తలలు పగులుతాయి, మాటలు పోతాయి, మనవల కాలం దాకా పగలుంటాయి. ఊరు వదిలి ఇన్నేళ్లయినా మా చేతులు దాన్ని మరిచిపోలేదు. పార పట్టగానే ప్రతివాళ్లూ తమ హద్దు దాకా తవ్వి, పక్కవాళ్లది అంటకుండా నిజాయితీగా ఆగిపోయారు. గల్లీలో ఒక్క దొంగ ఉన్నా ఆ మోరీ పారేది.

హనుమండ్లు మళ్లీ విజిల్ ఊదాడు. గెట్లు కోసేదెవరని అడిగాడు. అసలు హనుమండ్లే ముందు వెనక్కి తగ్గాడు. వాళ్ల నాయన గెట్టు తగాదాతోనే ముసలివాడై, పోయేటప్పుడు కొడుకు చేత ఎవరి గెట్టూ కోయనని ఒట్టు వేయించుకున్నాడట. ఇంకొకాయన తన మేనమామ కాలు గెట్టు మీదే విరిగిందన్నాడు. నేను మాత్రం ఏం తక్కువ? అనసూర్య గెట్టును ముట్టుకొని జన్మంతా ఆమె నోట్లో ఉండే ఓపిక లేదు, నేను లోపలికి పోయి జాకెట్‌కు హుక్సులు కుట్టుకున్నాను.

కుంటల్లో దోమలు చేరాయి, కప్పలు చేరాయి. ఎవరి బాతో వచ్చి హనుమండ్లు కుంటలో ఈదుతుంటే, దుబాయ్‌లో పెద్దోళ్లు ఇంటి ముందర ఇలాగే నీళ్లు పెట్టుకుంటారని ఆయన సర్దుకున్నాడు. లస్మవ్వ మాత్రం ఇంట్లోంచి బురద ఎత్తిపోస్తూనే ఉంది. ఇంతలో దేవకి మళ్లీ ఫోన్ చేసింది. వచ్చే వారం కూతుర్నీ పిల్లవాణ్నీ తీసుకొని వస్తుందట. ఇల్లు చూసి, పొడిగా ఉంటే దించి పోతుంది, లేకుంటే వచ్చిన ఆటోలోనే వెనక్కి తీసుకుపోతుంది. లస్మవ్వ ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె గడ్డపార పట్టుకొని అనసూర్యకూ తనకూ నడుమ ఉన్న గెట్టు దగ్గరికి వచ్చింది. అనసూర్య చూసింది. ఇంట్లోంచి పీట తెచ్చి, గెట్టు మీద వేసుకొని కూర్చుంది. ఇక చూడండి. గల్లీ అంతా బయటికి వచ్చింది. లస్మవ్వ తన మనుమడి గురించి చెప్పింది, అనసూర్య తన హద్దు గురించి చెప్పింది. ఎక్కడెక్కడి పాత సంగతులో బయటికి వచ్చాయి. చివరికి అనసూర్య పీట మీద నుంచే వేలు చూపించింది.

"నీది మోరీయా అవ్వా గది? కోడి గీరినట్టున్నది. నీ ముందట లోతు లేకనే నా నీళ్లు కదుల్తలేవు. అదే నేను తవ్వితేనా, నా నీళ్లు పోయి సక్కగ వాగుల పడుతుండె."

లస్మవ్వ తన గడ్డపార తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తవ్వు మరి. వాకిలి నాది, నేనే చెప్తున్న. నీ నీళ్లు పోయేటంత లోతు తవ్వు."

అంతమంది చూస్తుండగా అన్న మాట నుంచి వెనక్కి పోయే మనిషి కాదు అనసూర్య. పీట పక్కకు తన్ని, కొంగు బిగించి, లస్మవ్వ మోరీలోకి దిగింది. కోపంలో ఉంది. పైగా ఇప్పుడు తను తవ్వుతున్నది తన వాకిలి కాదు. మొదటి వేటే గెట్టు మీద పడింది. రెండో వేటుకు గెట్టు కూలింది. అనసూర్య కుంట గుడగుడమని లస్మవ్వ మోరీలోకి దిగి, వాగు వైపు పరుగు పెట్టింది. అనసూర్య తన నీళ్లు వెళ్లిపోవడం నోరు తెరుచుకొని చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇంకాస్త లోతుగా తవ్వడం మొదలుపెట్టింది. తన నీళ్లు పోవాలంటే కిందివాళ్ల మోరీ ఎంత లోతుంటే అంత మంచిదని ఆమెకు అర్థమైపోయింది.

నాకూ అర్థమైంది. ఆమె కుంట ఖాళీగా ఉంది, నాది నిండుగా ఉంది, నా కప్పలు నన్నే చూస్తున్నాయి. అనసూర్య వాకిలి ముందర గడ్డపార దింపే రోజు కోసం నేను ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తున్నానో చెప్పలేను. నీ ముందర జర లోతు చేస్తానని అడిగాను. నీళ్లు పోయిన సంతోషంలో ఉంది కాబట్టి సరేనంది. మునగకొమ్మ తర్వాత మేమిద్దరం మాట్లాడుకున్నది అదే మొదలు. నేను గెట్టు కూలగొట్టి, అలికిన పేడా, పెట్టిన ముగ్గూ లేవగొట్టుకుంటూ కింది దాకా తవ్వుకుపోయాను. ఆ తృప్తి గురించి ఎక్కువ చెప్పడం బాగుండదు.

నా నీళ్లు పోవడం చూసి నా పై ఇంటివాళ్లు పలుగుతో దిగారు. మా ఆయన ముచ్చటపడి పరిచిన గ్రానైట్ ముక్కలన్నీ పీకి అవతల విసిరేశారు. అరవబోయి, నా చేతులకున్న అనసూర్య మట్టి చూసుకొని ఊరుకున్నాను. వాళ్లను చూసి వాళ్ల పైవాళ్లు దిగారు. మధ్యాహ్నానికి గల్లీలో ఒక్కరూ సొంత వాకిట్లో లేరు. అందరూ కింది ఇంటి ముందర ఉన్నారు, అందరూ ఒళ్లు దాచుకోకుండా తవ్వుతున్నారు. ఎవరి పని వాళ్లు చేసుకున్నప్పుడు కూడా ఇంత శ్రద్ధ చూడలేదు నేను. చివరికి హనుమండ్లు కూడా దిగాడు. నాయనకు ఇచ్చిన ఒట్టు పొలం గెట్ల గురించే గానీ మోరీ గెట్ల గురించి కాదని ముందుగా అందరికీ వినిపించేలా చెప్పి, తన కింది ఇంటి గెట్టు కోశాడు. ఆ తర్వాత విజిల్ ఊది, ఇక నుంచి ఎవరి కింది ఇంటి ముందర వాళ్లే సాఫు చేయాలని కొత్త తీర్మానం చెప్పాడు. దుబాయ్‌లో కూడా ఇంతేనట.

దేవకి వచ్చిన రోజు పొద్దుటి నుంచి వాన దంచుతోంది. ఆటో వచ్చి లస్మవ్వ ఇంటి ముందర ఆగింది. పిల్లవాణ్ని ఊపే తొట్టెల ఆటో మీద తాళ్లతో కట్టి ఉంది, సంచులు లోపల ఉన్నాయి. దేవకి దేన్నీ దించనివ్వలేదు. ఆటో అతన్ని ఉండమని చెప్పి, పిల్లవాణ్ని ఎత్తుకున్న కూతుర్ని వెంటబెట్టుకొని ఇంట్లోకి పోయింది. మేమంతా గొడుగుల కింద బయట నిలబడ్డాం. మోరీ నిండుగా, ఎర్రగా, చప్పుడు చేస్తూ వాగు వైపు పోతోంది. మాలో ఎవరికీ దాన్ని చూసే ధ్యాస లేదు.

దేవకి మనిషి గట్టిది. గోడల అడుగున వేలు పెట్టి చూసింది, మంచం కిందికి వంగి చూసింది, వెనక తలుపు తీసి చూసింది. అన్నీ పొడిగా ఉన్నాయి. లస్మవ్వ ఒక మూల నిలబడి చేతులు నలుపుకుంటోంది. ఆమెకు మనుమడి మీద చేయి వేయడానికి కూడా ధైర్యం చాలలేదు, ఒకసారి ముట్టుకున్నాక వెనక్కి తీసుకుపోతే తట్టుకోలేనని నాతో ముందే అంది. నవ్యశ్రీకి చేతులు గుంజుతున్నట్టున్నాయి. పాత చీర మడత పరిచి పిల్లవాణ్ని నేల మీద పడుకోబెట్టింది. వాడు ఇంటి కప్పును చూస్తూ కాళ్లు ఆడించాడు.

దేవకి వెనక తలుపు వేసి ఇటు తిరిగి వచ్చింది. వస్తూ చీర మడత పక్కన అడుగు వేసి, చటుక్కున కాలు తీసేసింది. నేల తడిగా ఉంది. చిన్నగా, సన్నగా, ఒక నీటి పాయ వెనక తలుపు వైపు పోతోంది.

"గీ నీళ్లెక్కడియి వదినె?" అంది.

బయట నిలబడ్డ మేమంతా తలుపు దగ్గరికి తోసుకొచ్చాం. అనసూర్య నా చేయి పట్టుకుంది, నేను విడిపించుకోలేదు. లస్మవ్వ ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి వంగింది. నేల తడిమి చూసింది. పిల్లవాణ్ని చూసింది. వాడు హాయిగా ఇంకా పోస్తూనే ఉన్నాడు.

"మనుమడు పోస్తుండు వదినె" అంది లస్మవ్వ. "గీ వానకాలం మా ఇంట్ల తడిసింది గిదొక్కటే."

ముందు నవ్యశ్రీ నవ్వింది. లస్మవ్వ తన కొంగుతోనే నేల తుడిచింది, తుడుస్తూ తుడుస్తూ అదే కొంగుతో కళ్లు కూడా తుడుచుకుంది, ఎవరూ వద్దనలేదు. దేవకి గడపలోకి వచ్చి, తొట్టెల దించమని ఆటో అతనికి చెప్పింది.