మగవాళ్ళ వరసలో మా అత్త

ఉప్మాక వెంకన్న దర్శనం చేసుకుని కొండ దిగాక, నీడపట్టున కూర్చుని పులిహోర ప్రసాదం తింటున్నాం. మా అత్త కాసులమ్మ తన దొన్నె కళ్ళకద్దుకుని ఒక్క ముద్ద నోట్లో వేసుకుంది. వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగిలినదంతా నా దొన్నెలోకి వంపేసింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ ప్రసాదం వదిలెయ్యడం అదే మొదలు.

"ఏటత్తా, ఏటయ్యింది?"

"ఏటీ నేదే బవానీ. అంగిట్లో నిప్పు తగిలింది. ఎన్న రాత్తన్నాను, తగ్గిపోద్ది."

మా వైపు వయసు మళ్ళిన ఆడవాళ్ళు అడ్డచుట్ట కాలుస్తారు. అంటే నిప్పున్న కొసనే నోటి లోపల పెట్టుకుంటారు. అలా అయితే చెరుకుతోటలో గాలికి ఆరిపోదట, ఒళ్ళో పిల్ల మీద నుసి రాలదట. అత్త వాళ్ళమ్మని చూసి నేర్చుకుంది. అంగిట్లో పుండు పడితే నిప్పు తగిలిందనుకుని వెన్న రాసుకోవడం కూడా వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదే. కానీ ఇది వేసవిలో మొదలైన పుండు. వానలు పడి ఊడ్పులు కూడా అయిపోయాయి. కాలిన పుండు ఇంతకాలం ఉంటుందా? దీపం పట్టి చూడబోతే మూతి ముడుచుకుంది.

ఆ వారంలోనే మా ఊరి బడిలో ఎవరో సేవాసంఘం వాళ్ళు వైద్యశిబిరం పెట్టారు. బీపీ చూస్తారని చెప్పి అత్తని తీసుకెళ్ళాను. వరండాకి ఒక పక్క పొగాకు మాన్పించే బల్ల ఉంది. దాని వెనక గోడకి బొమ్మలు తగిలించారు. సిగరెట్టు కాలుస్తున్న మగవాడు, దగ్గుతున్న మగవాడు, మగవాడి పాడైపోయిన నోరు. అక్కడ ఒక పళ్ళ డాక్టరమ్మ టార్చి వేసి నోళ్ళు చూస్తోంది. వరసలో అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ వరస రెండో పక్క ఉంది. అక్కడ బీపీ, షుగరు చూస్తున్నారు.

"మామ్మా, మీ ఇంట్లో మగవాళ్ళు పొగ తాగుతారా?" అని నర్సు అడిగింది.

"నేదమ్మా. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ముట్టనేదు. నా కొడుకు అయ్యప్ప మాలేసుకున్న కాడినుంచి మానేసేడు."

"చాలా మంచిది మామ్మా. తరవాతి వాళ్ళు రండి."

నేను అత్త మోచేయి గిల్లాను. "సెప్పత్తా."

"ఆ అమ్మి నన్ను అడగనేదు కదే. అడగనోల్లకి ఎలగ సెప్పీది? పట్నపోల్లు. నవ్వుతారు." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక నిలబడ్డ అప్పలనర్సమ్మ, దేముడమ్మ కూడా కొంగులు అలాగే పెట్టుకున్నారు. ముగ్గురి బొడ్లోనూ చుట్టలున్నాయని నాకు తెలుసు.

చదువుకున్న వాళ్ళ తప్పు పట్టేంత దాన్ని కాను. కానీ భగవంతుడు ఆడదానికీ మగవాడికీ ఒకేలాంటి నోరిచ్చాడు కదా, ఆ గోడమీద ఒక్క ఆడదాని బొమ్మ ఉంటే ఏం పోయింది అనిపించింది.

"సామి పెసాదం మింగనేని నోరు ఎన్నాళ్ళు దాసుకుంతావత్తా?" అన్నాను.

అత్త నావైపు చూసింది. కొంగు దించి, భుజం మీదుగా తిప్పి నడుముకి దోపుకుంది. వరండా దాటి మగవాళ్ళ వరసలోకి వెళ్ళి నిలబడింది.

మా పక్కింటి నానాజీ నవ్వాడు. "ఏటి పెద్దమ్మా, లైను తప్పేవు! ఇది సుట్టలోల్ల లైను."

"నువ్వు పాలు తాగినప్పుడే నాను సుట్ట తాగేదాన్నిరా. జరుగు."

అందరూ గొల్లున నవ్వారు. నానాజీ జరిగి చోటిచ్చాడు.

డాక్టరమ్మ ముందు కూర్చుని, అత్త బొడ్లోంచి ఆరిన చుట్ట తీసింది. "నిప్పు ఇటేపు పెట్టుకుంతాను తల్లీ" అని కాలిన కొస నోటివైపు తిప్పి చూపించింది.

డాక్టరమ్మ నవ్వలేదు. లేచి నిలబడి, అత్త తల వెనక్కి వంచి అంగిట్లోకి టార్చి వేసింది. చాలాసేపు చూసింది.

"మామ్మా, ఇది కాలిన పుండులా లేదు. చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. విశాఖపట్నం రావాలి, ఆలస్యం చెయ్యకూడదు."

"కేన్సరేటమ్మా?"

"పరీక్ష చేస్తే గాని చెప్పలేను."

అత్త ఆ చుట్ట మళ్ళీ బొడ్లో దోపుకుంది. ఇక ఇంటికి పదమంటుందనుకున్నాను. అలా అనలేదు. లేచి ఆడవాళ్ళవైపు తిరిగి కేకేసింది.

"ఓలె అప్పలనర్సా! దేముడమ్మా! ఇది నిప్పు కాదంట. మీరూ రండి, సూపించుకోండి."

"అంతమంది మగోల్ల ముందా?" అంది అప్పలనర్సమ్మ.

"నాను తెరిసేను కదే. నా నోట్లోంచి ముత్తేలు రాలితే ఆల్లు ఏరుకున్నారేటి?"

ముందు దేముడమ్మ కదిలింది. ఆ వెనక అప్పలనర్సమ్మ. ఇంకెవరెవరో కూడా వచ్చారు, వాళ్ళు కాలుస్తారని నాకే తెలియదు. డాక్టరమ్మ నర్సుని పిలిచి, "ఇకనుంచి ఆడవాళ్ళని కూడా అడగండి. ఇంట్లో వాళ్ళ గురించి కాదు, వాళ్ళ గురించే" అంది. నర్సు తలూపి, బీపీ చూపించుకున్న వాళ్ళని మళ్ళీ వెనక్కి పిలిచింది.

విశాఖపట్నంలో పరీక్ష చేశారు. క్యాన్సరుగా మారలేదు గాని ఆ దారిలోనే ఉందన్నారు. ఆ మేరకు కోసి తీసేశారు. చుట్ట ముట్టకూడదని, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలని గట్టిగా చెప్పారు.

"మానేత్తాను" అంది అత్త. ఎలాగని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అన్నమైనా మానగలదు గాని చుట్ట మానలేదని ఊరంతా అన్నారు. తెల్లవారగానే ఆవిడ వేళ్ళు బొడ్లో వెతుక్కోవడం నేను చూశాను. అలాంటప్పుడు లేచి వచ్చి, నేను దేవుడి దగ్గర దీపం పెడుతుంటే పక్కన కూర్చుంటుంది. రెండు చేతులూ బిగించి పట్టుకుని గోవిందా, గోవిందా అంటుంది. ఒంటికి చెమట పడుతుంది. ఇంతకంటే పెద్ద తపస్సు నేనెక్కడా చూడలేదు. నేను పైకి ఏమీ అనను. అంటే ఊరుకోదు.

కాసేపటికి ఆ చేతులు వదులవుతాయి. అప్పుడు నావైపు తిరుగుతుంది.

"ఒత్తి అంత పొడుగేటే? నూనె నీ బాబు పంపుతన్నాడా?"

నేను వత్తి తగ్గిస్తాను.