రావుగారి ఒంటి వేడి

చలికాలం పొద్దుల్లో వెంకటరమణమ్మ పని ఎప్పుడూ ఒక వరసలోనే సాగుతుంది. పాలు కాచి, గోరువెచ్చనయ్యాక మజ్జిగ చుక్క వేసి, ఆ గిన్నె తీసుకెళ్ళి భర్త కూర్చునే కుర్చీ కింద పెడుతుంది. తడిగుడ్డలు కుర్చీ వీపు మీద పరుస్తుంది. తర్వాత పేపరు తెచ్చి ఆయన చేతికిస్తుంది. రామలింగేశ్వరరావుగారికి దిగులు పుడితే ఒళ్ళు కాలుతుంది. జ్వరం కాదు, బీపీ కాదు, దిగులు వేడి. పేపర్లో దిగులుకి కొరతేముంది కనక, రెండో పేజీ తిప్పేసరికి ఆయన చుట్టూ బారెడు మేర వెచ్చబడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి గడ్డపెరుగు, ఆరిన గుడ్డలు రెండూ సిద్ధంగా ఉంటాయి.

పక్కింటి రాజవ్వ కూడా పొద్దున్నే వచ్చి ఆ కుర్చీ పక్కన పీట వేసుకుంటుంది. వాళ్ళది పటాన్‌చెరు పక్కన ఈ పటేల్‌గూడలో తాతల నాటి నుంచీ ఉన్న కుటుంబం. ఊరి పక్కన ప్లాంటు కట్టినప్పుడు పొలం పోతే, ఆమె భర్త లింగానికి ఆ ప్లాంటులోనే ఎలక్ట్రీషియన్ ఉద్యోగం ఇచ్చారు. రావుగారు తెనాలి నుంచి వచ్చి అదే ప్లాంటులో బాయిలర్ హౌస్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు.

"అన్నా, చేతులు కొంకర్లు వోతున్నయ్. జెర ఏదన్న ఫికరు జేయరాదే" అంటుంది రాజవ్వ, అరచేతులు ఆయన వైపు చాపి.

ఈ ఏడు ఆయన్ని ఎవరూ అడగనక్కర్లేకపోయింది. దిగులు ఇంట్లోకే నడిచొచ్చి వెనక గదిలో ఉయ్యాల్లో పడుకుంది మరి.

కూతురు నాగవల్లి ఎనిమిదో నెలలోనే ప్రసవించింది. అల్లుడు ప్రవీణ్‌కుమార్ కంపెనీ పని మీద గుజరాత్‌లో చిక్కుపడిపోయాడు, చూసి వెళ్ళడానికి రెండ్రోజులు కూడా దొరకలేదు. పాప దోసెడంత ఉంది. సంగారెడ్డి ఆసుపత్రిలో గాజుపెట్టెలో కొన్నాళ్ళుంచి ఇంటికి పంపుతూ డాక్టరమ్మ ఒకటే చెప్పింది. "గది వెచ్చగా ఉండాలి. పాప ఒళ్ళు చల్లబడి థర్మామీటర్లో ఈ గీత కిందికి దిగితే మాత్రం ఆలోచించుకుంటూ కూర్చోకండి. తీసుకొచ్చేయండి, మళ్ళీ పెట్టెలో పెడదాం."

మళ్ళీ పెట్టె అనే మాట విని నాగవల్లి మొహం పాలిపోయింది. మొదటి కాన్పులో పుట్టిన బాబుని కూడా అలాంటి పెట్టెలోనే పెట్టారు. వాడు ఊపిరితో బయటికి రాలేదు. నర్సు గుడ్డలో చుట్టి ఇస్తే చేతులు చాచి అందుకున్నది రావుగారే. అప్పటికింకా వెచ్చగానే ఉన్నాడు. కారు దాకా నడిచేలోపు ఆయన చేతుల్లోనే చల్లబడ్డాడు. ఆయనకి ఈ వేడి మొదలైంది ఆ రోజు నుంచే.

అందుకని ఆయన ఈ పాపని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. "నా ఒంటి వేడికి పసిగుడ్డు కందిపోతుంది" అని అందరితో అంటారు. అసలు సంగతి అది కాదని భార్యకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు. వీలు దొరికినప్పుడల్లా వచ్చి వెనక గది గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడతారు. అవతలి గోడ వారగా ఉన్న ఉయ్యాల వంక చూస్తూ, పాప పొట్ట లేచి పడుతోందో లేదో గమనిస్తూ ఉండిపోతారు.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చున్నారని కాదు. పటాన్‌చెరు చలి సంగతి తెలిసిందే కదా. టీవీలో చలి వార్తలు చెప్పినప్పుడల్లా ఆదిలాబాద్ పక్కన మన పేరే వినబడుతుంది. కరెంటు హీటరు పెట్టి చూస్తే గాలి ఎండిపోయి పాపకి ముక్కు దిబ్బడేసింది. కరెంటు పోతే ఆ కాస్త వేడీ ఉండదు. దాంతో రావుగారిలోని ఫోర్‌మన్ లేచి కూర్చున్నాడు. పాపనీ తల్లినీ ముందు గదిలోకి మార్చి, వెనక గది నేల తవ్వించి రాగి గొట్టాలు వేయించారు. పెరట్లో చిన్న గ్యాస్ బాయిలర్ పెట్టారు. గది లోపల, గుమ్మం పక్క గోడకి థర్మోస్టాట్ బిగించారు. గది చల్లబడితే ఆ డబ్బా తీగ లేకుండానే బాయిలర్‌కి కబురు పంపుతుంది. బాయిలర్ వెలుగుతుంది. వేడినీళ్ళు నేల కింద తిరుగుతాయి. ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటగానే చాలించమని మళ్ళీ అదే కబురు పెడుతుంది.

బిగించిన రోజు చక్కగా వెలిగింది. ఉయ్యాల తిరిగి వెనక గదిలోకి మార్చిన రోజు నుంచి మొండికేసింది. కాసేపు వెలుగుతుంది, అంతలోనే ఆరిపోతుంది. గది మాత్రం చలి గుహలా ఉంటుంది.

లింగం స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వచ్చాడు. థర్మోస్టాట్‌లో బ్యాటరీలు మార్చాడు. పెరట్లోకి వెళ్ళి బాయిలర్ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గిదేంది సాబ్, బాయిలర్‌కు గింత మందం ప్లేటు డబ్బా ఎందుకు చేపిచ్చిన్రు? మీద బాంబులు వడ్తయా?"

"సేఫ్టీ, లింగం. ప్రెషర్ ఉన్న చోట ప్లేటు మందంగానే ఉండాలి."

"మనం చేసిన పెద్ద బాయిలర్లకు సరే. గిది బిందెడు నీళ్ళది. గీ ఇనుముల నుంచి కబురు ఎట్ల వోతది?"

అది నిజమే మరి. జన్మంతా అంగుళం మందం ప్లేట్ల మధ్య బతికిన మనిషికి పల్చటి రేకు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇద్దరూ రొప్పుతూ ఆ డబ్బా ఊడదీశారు. లింగం బాయిలర్ మీద కబురందుకునే రిసీవర్ బటన్ నొక్కిపట్టి, థర్మోస్టాట్ బటన్ నొక్కిపట్టి రెండింటికీ మళ్ళీ జత కుదిర్చాడు. పచ్చ దీపం వెలిగింది, బాయిలరూ వెలిగింది. రావుగారు ప్రాణం కుదుటపడి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఉయ్యాల్లో పాప తుమ్మింది. జలుబేమో, అది గుండెల్లోకి దిగుతుందేమో అనుకున్నారు. పెరట్లో బాయిలర్ ఆరిపోయింది.

"గోడ దగ్గర ముప్పై ఒకటి చూపెడ్తుంది" అన్నాడు లింగం, థర్మోస్టాట్ వంక చూస్తూ. "ఉయ్యాల కాడ నాకు సలి వెడ్తుంది. దీనికి దిమాక్ ఖరాబైంది సాబ్. కొత్తది తేవాలె."

రావుగారు పక్కనున్న రామచంద్రాపురం బజారుకి వెళ్ళి కొత్తది తెచ్చారు. తిరిగొచ్చేసరికి భార్య ఎదురొచ్చింది. "మీరలా వెళ్ళారు, ఇలా వెలిగిందండీ. ఇంతసేపూ బాగానే నడిచింది. గది ఎంత హాయిగా ఉందో చూడండి."

ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూశారు. నడిచిందంటే ఎందుకు నడిచింది, మళ్ళీ ఎప్పుడు ఆగుతుంది అని దిగులు పట్టుకుంది. ఆగిపోయింది. కొత్తది బిగించారు. అదీ అంతే.

"లూజ్ కాంటాక్టు ఉన్నట్టుంది" అన్నాడు లింగం. ఆ ఇంటి వాళ్ళకి గానీ, పక్కింటి వాళ్ళకి గానీ ఇంకో ఆలోచన రాలేదు. రోజూ పెరుగు తోడుపెట్టుకునే వేడిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు చెప్పండి. గోడ మీద దీపం లాగా, దొడ్లో కుళాయి లాగా అది ఇంట్లో ఉందంటే ఉంది.

ఆ శుక్రవారం పొద్దున్నుంచీ మబ్బు. ఎండ మొహమే కనబడలేదు. సాయంత్రానికి గాలి మొదలైంది. పాపకి పాలు పడదామని నాగవల్లి ఎత్తుకుంటే, పాప నోరు తెరవలేదు. వెంకటరమణమ్మ పాదం పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. చంకలో థర్మామీటర్ పెట్టి చూసి, కూతురి చేతికిచ్చింది. డాక్టరమ్మ చెప్పిన గీత కంటే కిందికి ఉంది.

"నేను బండి తెస్త. సంగారెడ్డికి ఎంతసేపు" అంటూ అక్కడే బాయిలర్ చూస్తున్న లింగం లేచాడు. కారు వాళ్ళ పెద్దకొడుకు ఇంట్లో, అమీన్‌పూర్ చెరువు దగ్గర ఉంది. తేవడానికి కాస్త సమయం పడుతుంది.

నాగవల్లి మధ్యాహ్నం దాకా పాపని గుండెలకి ఆనించుకునే ఉంది. నర్సు అలాగే నేర్పింది, ఒంటికి ఒళ్ళు తగిలితే బిడ్డకి వెచ్చదనం అందుతుందని. కానీ తర్వాత పాలు గడ్డకట్టి ఆమెకే జ్వరం వచ్చింది. మాత్ర వేసుకున్నాక ఇప్పుడు ఒళ్ళంతా చెమట పోస్తోంది. ఆ తడి ఒంటికి ఆనిస్తే పాపకి ఇంకా చలి. వెంకటరమణమ్మ చేతులు నీళ్ళలో నాని నాని ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. ఆమె పాపని శాలువాలో చుట్టి పట్టుకుని ఎటూ తోచక నిలబడింది. గుమ్మం దగ్గర రావుగారు కాలిపోతున్నారు. ఆయన పక్కన గోడ మీద థర్మోస్టాట్ ముప్పై మూడు చూపిస్తోంది.

"నాన్నా, ఇటు రా" అంది నాగవల్లి. "చొక్కా విప్పు."

"నేనా? వద్దమ్మా. నా వేడికి పాప..."

"నీ వేడే కావాలి. రా."

ఆయన కదల్లేదు. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట అప్పుడు బయటికి వచ్చింది. "నా చేతుల్లో చల్లబడిపోతుందే తల్లీ. వాడు అట్లాగే పోయాడు. నేను పట్టుకునే ఉన్నాను, అయినా చల్లబడిపోయాడు."

"తెలుసు నాన్నా. కారులో నీ పక్కనే కూర్చున్నాను కదా. వాడు నీ చేతుల్లోకి వచ్చేసరికే పోయాడు. ఇది బతికే ఉంది. దీన్ని మళ్ళీ పెట్టెలోకి పంపితే నేను తట్టుకోలేను. రా నాన్నా."

రావుగారు గుమ్మం వదిలారు. ఉయ్యాల పక్కన స్టూలు మీద కూర్చుని చొక్కా విప్పారు. వెంకటరమణమ్మ శాలువా విప్పి పాపని ఆయన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, మీద నుంచి దుప్పటి కప్పింది. చల్లటి చిన్న ఒళ్ళు తగలగానే ఆయనకి భయంతో ఊపిరాగినంత పనైంది. ఆ భయానికి ఒళ్ళు ఇంకా కాలింది. చెవులు ఎర్రబడ్డాయి. ఏ దిగులు వచ్చినా దాచుకోవడం రాని మనిషి ఆయన, ఉన్న దిగులంతా ఆ పసిగుడ్డు మీద కుమ్మరించారు. పోయిన బాబు దిగులు, కూతురి దిగులు, ఈ రాత్రి ఎలా గడుస్తుందనే దిగులు, ఏదీ మిగల్చలేదు.

కాసేపటికి పాప కదిలింది. మొహం అటూ ఇటూ రుద్దుకుని, పాల కోసం ఆయన రొమ్ము మీద వెతుక్కుంది. ఏమీ దొరక్క చిరాకుపడి కీచుమని ఏడ్చింది. ఇంటికి వచ్చాక అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. రావుగారికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "గొంతు చూడవే దీనిది" అన్నారు భార్యతో.

తన చేతులు చల్లబడుతున్నాయని ఆయనకి అప్పుడే తెలిసింది. ముందు వేళ్ళు, తర్వాత మోచేతులు. పాప వీపు తడిమి చూశారు. వీపు వెచ్చగా ఉంది. చల్లబడుతున్నది తనొక్కడే, పాప కాదు. భుజాల మీద నుంచి బరువేదో దిగిపోయినట్టయింది. కొన్నేళ్ళుగా ఒంట్లో కుంపటిలా మండినది ఇవతల ఆరిపోతూ, అవతల ఆ పిడికెడు ఒంట్లోకి చేరుకుంటోంది.

పెరట్లో టక్కుమని చప్పుడైంది. మంట అంటుకుంది. పంపు తిరగడం మొదలుపెట్టింది.

రావుగారు తలెత్తి గుమ్మం వైపు చూశారు. తను నిలబడే చోటు ఖాళీగా ఉంది. పక్కన థర్మోస్టాట్ మీద అంకె దిగుతోంది, ఇరవై ఏడు, ఇరవై ఆరు. ఆయనకి అంతా అర్థమై సిగ్గేసింది.

వీధిలో కారు ఆగింది. లింగం పరుగున లోపలికి వచ్చి, పంపు చప్పుడు విని వెనక గది ముందు ఆగిపోయాడు.

"వెలిగిందా? ఎట్ల వెలిగింది సాబ్? ఏం చేసిన్రు?"

"నేను అడ్డం తప్పుకున్నాను, లింగం. ఇన్నాళ్ళూ ఆ థర్మోస్టాట్ ముందు దిగులుపడుతూ నిలబడింది నేనే. గదంతా వెచ్చగా ఉందనుకుంది పాపం."

లింగం థర్మోస్టాట్ వంక చూశాడు, ఆయన వంక చూశాడు, స్క్రూడ్రైవర్ తీసి ఇంకో జేబులో పెట్టుకున్నాడు. వెంకటరమణమ్మ పాప చంకలో థర్మామీటర్ పెట్టింది. తీసి దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసి, ఈసారి కూతురికి ఇవ్వకుండా తనే పైకి చదివింది. గీత దాటింది. నాగవల్లి ఆ అంకె మళ్ళీ చదివించుకుని, మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"మరి బండి?" అన్నాడు లింగం.

"పంపించెయ్" అన్నారు రావుగారు.

బాయిలర్ వెలిగితే మంట రంగు చూడందే, ప్రెషర్ ముల్లు చూడందే ఆయన ఏనాడూ కూర్చున్నది లేదు. అలవాటు కొద్దీ లేవబోయారు. పాప ఆయన ఛాతీ మీది నెరిసిన వెంట్రుకలు పిడికిట్లో పట్టుకుని నిద్రపోతోంది. ఆయన ఒళ్ళు ఇప్పుడు మామూలు ముసలాయన ఒళ్ళు. వీపుకి చలేసి వణుకు పుడుతుంటే, భార్యని ఇంకో దుప్పటి అడిగారు.