మోకాలిచెయ్యి

పక్షవాతంతో అక్క కుడిచెయ్యి పడిపోయాక కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. లేత్ మెకానిక్కైన తమ్ముడు ఆ గుడ్డను చూడలేకపోయాడు. పాత సామాన్లలోంచి ఒక ఉక్కు స్ప్రింగు ఏరి, ఇనపకడ్డీలు వంచి, మిషనుకే ఒక చెయ్యి పెట్టాడు. మోకాలితో నొక్కితే అది బట్టను పట్టుకుని సూది కిందకు తిప్పుతుంది. ‘మోకాలిచెయ్యి’ అని అక్కే పేరు పెట్టింది. మళ్లీ చొక్కాలు కుట్టింది. కాలరు వంపులు కూడా చక్కగా వచ్చాయి.

అక్కడితో ఊరుకుంటే అతను తమ్ముడెందుకవుతాడు? ఎవరైనా కాపీ కొట్టి అమ్ముకుంటారేమోనని బెంగ పట్టుకుంది. పేటెంటు ఏజెంటు దగ్గరకు వెళ్లాడు. ఆయన మంచివాడే, ఓపిగ్గా విన్నాడు.

“మీరు రాసింది చదివి ఇంకొకాయన అచ్చం ఇలాంటిదే చెయ్యగలగాలండీ. అప్పుడే హక్కు. కొలతలేవి?”

“కొలతలేం లేవండీ. కుదిరేదాకా వంచాను.”

“ఆ కుదిరిన కొలతే కావాలి.”

ఇంటికొచ్చి స్పానరు తీశాడు.

“నడిచేదాన్ని విప్పకురా. నాకిది చాలు,” అంది అక్క.

“హక్కు నీ పేరునే రాయిస్తానక్కా. సాయంత్రానికి బిగించేస్తా.”

విప్పాడు. ప్రతి ముక్కనూ కొలిచి, బొమ్మ గీసి, ఫొటో తీసి, మళ్లీ బిగించాడు. అక్క కాలరు తప్ప అంతా కుట్టిన చొక్కా పెట్టి మోకాలు నొక్కింది. బట్ట ముడతపడింది. కాస్త వదులు చేస్తే అసలు పట్టనేలేదు. ఇంకొంచెం వంచబోయేసరికి స్ప్రింగు పుటుక్కున విరిగింది. కొత్తవి ఎన్ని తెచ్చినా ఒక్కటీ మాట వినలేదు. తాను రాసిన కొలతలతో తానే చెయ్యలేకపోయాడు.

“బొమ్మలు శుభ్రంగా ఉన్నాయండీ,” అన్నాడు ఏజెంటు. “కానీ ఇలా చేస్తే పనిచెయ్యదని మీరే చెబుతుంటే నేనెలా దాఖలు చెయ్యను?”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అక్క తిట్టిపోసినా బాగుండుననుకుంటూ ఇల్లు చేరాడు. అక్క తిట్టలేదు.

“మిషను పాదం పైకెత్తరా,” అంది. సూది కింద ఇరుక్కున్న చొక్కాను ఎడంచేత్తో లాగి అతనికిచ్చింది. “కాలరొక్కటే మిగిలింది. ఎవరిచేతైనా కుట్టించి, బట్ట ఇచ్చినవాళ్లకు ఇచ్చెయ్.”

తర్వాత పాత గుడ్డ తీసి మిషను మీద కప్పబోయింది. ఒకవైపు లాగితే రెండోవైపు జారిపోతోంది. ఆ కొసను తమ్ముడు పట్టుకున్నాడు.