చక్కెర లేని సీసా

క్రేన్ ఆపరేటరు భోజనానికి కూర్చోగానే భార్య ఫ్రిజ్ తెరిచి డైట్ కూల్‌డ్రింక్ సీసా ముందు పెట్టింది. "మీ అన్నయ్య చక్కెర ముట్టి ఎన్నాళ్లయిందో! అంతా నీకోసమే," అని ఆడపడుచుతో గొప్పగా చెప్పింది.

"తాగన్నయ్యా, నా కిడ్నీ చల్లగా ఉంటుంది," అంది చెల్లెలు, డయాలిసిస్ సూదులతో కమిలిన చేతిని ఒళ్లో దాచుకుంటూ. అందరూ నవ్వారు.

అన్న కిడ్నీ ఆమెకు సరిపోతుందని తేలింది. బరువు తగ్గండి, చక్కెర మానండి అంది డాక్టరమ్మ. ఆయన టీ మానేశాడు, మిఠాయిలు మానేశాడు, డైట్ సీసాలు పట్టుకున్నాడు. అంత ఎత్తున ఉన్న క్రేన్ క్యాబిన్ నుంచి మూత్రానికి దిగాలంటే నిచ్చెన మీద నిచ్చెన. కింద పనంతా ఆగిపోతుంది, మేస్త్రీ గొంతు చించుకుంటాడు. అందుకని మంచినీళ్లు మానేసి, నోరెండినప్పుడల్లా సీసాలోంచి రెండు గుక్కలు పోసుకునేవాడు. చక్కెర లేదని దాని మీదే రాసి ఉంది కదా, ఇంకేం భయం? మనలో ఎంతమందిమి ఇలా అనుకోవడం లేదు?

ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షల ఫలితాలు డాక్టరమ్మ ఒక్కో కాగితమే తిప్పి చూసింది. చెల్లెలు అన్న చేయి గట్టిగా పట్టుకుంది.

"నీళ్లు బాగా తాగుతున్నారా?"

"నీళ్లు తక్కువేనండి. రోజంతా డైట్ డ్రింకులే. చక్కెర చుక్క కూడా లేదు."

"మీ మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీల పనితీరు తగ్గింది. ఇప్పుడు మీ కిడ్నీ తీసుకోలేం."

ఆయన చెల్లెల్ని చూపించాడు. "దీనికోసమే కదండీ అన్నీ మానుకున్నాను!"

"ఆ డ్రింకులే కారణమని ఒట్టేసి చెప్పలేను. కానీ రోజూ ఎక్కువగా తాగేవాళ్లలో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మీరు నీళ్లు కూడా మానేశారాయె. అవి ఆపేసి చూద్దాం. కోలుకుంటాయో లేదో ఇప్పుడే చెప్పలేను. అంతవరకూ ఈమెకి డయాలిసిసే."

బయట వరండాలో ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. "నీ నోటికాడి కూడు నేనే లాగేశానే."

చెల్లెలికి కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. గోడకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత అన్న వైపు తిరిగింది.

"నా సంగతి తర్వాత. ముందు నీవి కాపాడుకో. ఈ ఇంట్లో సూదులు పొడిపించుకోడానికి నేనొక్కదాన్ని చాలు. రేపట్నుంచి నీళ్లు తాగు. ఎన్నిసార్లు దిగాల్సొస్తే అన్నిసార్లు దిగు, మేస్త్రీ అరిస్తే అరవనీ. చక్కెర లేనంత మాత్రాన అది మంచినీళ్లయిపోదన్నయ్యా!"