చీటీలో లేని చెమట

డాక్టర్ పట్టాభికి తన విద్యార్థి మహిపాల్ మీద అనుమానం ఊరికే రాలేదు లెండి. పోయిన నెల స్నేహితుడికి మూర్ఛ వచ్చిందని నాటకమాడి, ఆసుపత్రికని క్లాసంతా లేపి, తిన్నగా ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోకి తీసుకుపోయింది ఆ ఘనుడే కదా! అప్పట్నుంచీ వాడు దగ్గినా ఆయనకి నాటకంలాగే వినిపిస్తోంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ ఇంటి నుంచి మెడికల్ కాలేజీకి స్కూటర్ మీద వచ్చే పట్టాభి, బెజవాడ నంబరు కనపడకుండా ప్లేటుకి కాస్త బురద పూసుకుంటున్నారు. అడిగితే వాన బురదండీ అనేవారు.

ఆ రోజు పాఠం మైదానంలో. భవనం కూలి ఒకేసారి ముప్పైమంది వస్తే ముందు ఎవర్ని చూడాలి? సమ్మెతో ఖాళీగా ఉన్నవాళ్లను సరూర్‌నగర్ నుంచి పిలిపించి, ఉత్తుత్తి రోగులుగా కూర్చోబెట్టారు. ఎవరికి ఏ దెబ్బ తగిలిందో పట్టాభి రాసిన చీటీ ఒక్కొక్కరి మెడలో వేశారు. చీటీ చదివి విద్యార్థులు వాళ్ల చేతికి రిబ్బను కట్టాలి, దానికి మార్కులున్నాయి. ప్రాణం మీదికొస్తే ఎరుపు, ఆగగలిగితే పసుపు, నడవగలిగితే ఆకుపచ్చ.

ఆ ఉత్తుత్తి రోగుల్లో ఆటో నడిపే మట్టయ్యకు యాభై దాటాయి. అతని చీటీలో "మోకాలు గీరుకుంది, నడవగలడు" అని ఉంది. మహిపాల్ అది చదివాడు. చదివి ఊరుకోక నాడి పట్టుకున్నాడు, కళ్లల్లోకి చూశాడు, ఎర్ర రిబ్బను కట్టి కేకేశాడు.

"సార్, జర ఇటు రాండి! ఈయనకి నిజంగనే బాగలేదు!"

మైదానమంతా గొల్లున నవ్వింది. "చీటీ చదవడం కూడా రాదా నీకు?" అంది పక్కనే రిబ్బన్లు కడుతున్న తన్మయి.

అదిగో, మొదలెట్టాడు అనుకున్నారు పట్టాభి. "ఇవాళ ఊరేగింపు ఎక్కడికిరా? చీటీలో ఏముందో అది కట్టు."

"చీటీ ఇడ్సిపెట్టుండ్రి సార్. చెమటలు చూడుండ్రి."

"ఈ ఎండకి నాకూ పడుతున్నాయి చెమటలు."

మట్టయ్య పాపం మొహమాటపడ్డాడు. "నాకేం కాలె సారూ. ఎదల జర పట్టేసినట్టున్నది, గంతే."

పట్టాభికి ఒళ్లు మండిపోయింది. "ఓహో, ఈయనకీ మాటలు నేర్పి తెచ్చావన్నమాట!"

"నేను నేర్పలే సార్, అమ్మతోడు! ఆయన్ని పోనీయుండ్రి!" మహిపాల్ స్ట్రెచర్ లాక్కొస్తే పట్టాభి అడ్డం నిలబడ్డారు. వాదనలోనే ఐదు నిమిషాలు పోయాయి. ఇక లాభం లేదని, ఆ ఎర్ర రిబ్బను తానే విప్పేద్దామని వంగి మట్టయ్య చెయ్యి పట్టుకున్నారు.

చెయ్యి చల్లగా, జిగటగా ఉంది. నాడి అందలేదు. మళ్లీ వెతికితే సన్నగా తగిలి జారిపోయింది.

"ఎత్తండ్రా! పరుగెత్తండి!"

ఆసుపత్రి మైదానానికి ఆనుకునే ఉంది కాబట్టి సరిపోయింది. గుండెపోటేనని, ఇంకో పావుగంట ఆగితే మనిషి దక్కేవాడు కాదని గుండె డాక్టరు చెప్పాడు. కబురందుకుని సరూర్‌నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చింది మట్టయ్య భార్య ముత్తమ్మ. తెల్లకోటు కనపడగానే పట్టాభి రెండు చేతులూ పట్టుకుని, "దేవుని లెక్క కాపాడినవు సారూ" అని కళ్లకద్దుకుంది. ఆయనకి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఎలాగో విడిపించుకుని, వరండాలో బెంచీ మీదున్న మహిపాల్ పక్కన కూలబడ్డారు.

"గీరుకుందని రాసుంటే నాడి ఎందుకు చూశావురా?"

"నిజం చెప్పాల్నా సార్?"

"చెప్పు."

"నన్ను ఫెయిల్ చేసెటందుకు మీరు నిజం రోగిని కూసోబెట్టి, కావాల్నని తప్పుడు చీటీ రాసిండ్రనుకున్న." మహిపాల్ తల దించుకున్నాడు. "మీ మీద నమ్మకం లేకనే చూసిన సార్."

పట్టాభి లేచి ముత్తమ్మ దగ్గరికే వెళ్లారు.

"నాకు దణ్ణం పెట్టకమ్మా. కాపాడింది ఆ అబ్బాయి. నీ మొగుడు చెమటలు కక్కుతుంటే, కదలనివ్వకుండా ఐదు నిమిషాలు ఆపింది నేను."

ముత్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన మొహంలోకి చూసింది.

"ఎందుకు సారూ?" అని అడిగింది.